ఆఖరి రైలు తప్పిపోయాక: టోక్యోలో ఒక గే విద్యార్థి ముచ్చట్లు

(జపాన్ వెళ్ళబోతున్న విద్యార్థుల కోసం హైదరాబాద్‌లో ఒక సాయంత్రం చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే దించాం.)

అందరికీ నమస్కారం. వెనకాల వినబడుతోందా? సరే.

పోస్టర్ మీద ముందు 'విదేశంలో ఒక గే విద్యార్థి ఎదుర్కొన్న సవాళ్ళు' అని వేశారు. నేను ఫోన్ చేసి, అన్నా, ఆ సవాళ్ళు తీసేయండి, నేనక్కడ శుభ్రంగా ఎంజాయ్ చేసి వచ్చాను, అదే చెప్తానన్నా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. "మరి కష్టాలేం లేవా?" అన్నాడు. ఎందుకుండవు! కానీ మమ్మల్ని మైకు దగ్గరికి పిలిచిన ప్రతిసారీ ఏడవాలంటే ఎలా చెప్పండి. (నవ్వులు)

మాది తెనాలి. చదువు హైదరాబాద్. జపనీస్ ఇక్కడే మొదలుపెట్టా. ఎక్స్ఛేంజ్ కింద టోక్యోలో ఒక యూనివర్సిటీలో ఏడాది చదివాను, 2024 సెప్టెంబరు నుంచి. జపనీస్ మాట్లాడే దేశం ఒక్కటే ఉంది కాబట్టి ఏ దేశం వెళ్ళాలా అని పెద్దగా ఆలోచించే పని పడలేదు.

అక్కడ నాకు ముందుగా నచ్చింది గుళ్ళూ కాదు, చెర్రీ పూలూ కాదు. ఎవడి గోల వాడిది. మా వీధి చివర కిళ్ళీ కొట్టు దాకా వెళ్ళాలంటే నలుగురికి జవాబు చెప్పుకోవాలి. ఎప్పుడొచ్చావురా, ఎంతిస్తున్నారు, పప్పన్నం ఎప్పుడు పెడతావు? టోక్యోలో నా పక్క గది కుర్రాడు ఏడాది మొత్తం మీద నన్ను అడిగిన అతి పెద్ద ప్రశ్న, ప్లాస్టిక్ చెత్త ఏ రోజు బయట పెట్టాలి అని. రాత్రి పదకొండింటికి బయటికి వెళ్తుంటే ఎక్కడికని అడిగేవాడు లేడు. తెల్లారి వస్తే ఎక్కడి నుంచని అడిగేవాడు లేడు. జుట్టుకి ఊదా రంగు వేశా. ప్రొఫెసర్ గారు క్లాసులో ఒకసారి చూసి, పాఠం చెప్పుకుంటూ పోయారు. ఇరవై ఏళ్ళు అందరి లెక్కలోనూ ఉంటూ పెరిగినవాడికి ఆ హాయి ఎలా ఉంటుందో మీలో కొందరికి విడమరిచి చెప్పక్కర్లేదు. అడగకపోవడంలో కూడా రెండు రకాలుంటాయి, దాని దగ్గరికి తర్వాత వస్తా.

కాగితాల సంగతి త్వరగా తేల్చేస్తా. ఇల్లు కుదిరిన పద్నాలుగు రోజుల్లోపు వార్డు ఆఫీసుకెళ్ళి రెసిడెన్స్ కార్డు మీద అడ్రస్ రాయించుకోవాలి. జాతీయ ఆరోగ్య బీమా తప్పనిసరి, డాక్టర్ దగ్గర బిల్లులో ముప్ఫై శాతం మీరు కట్టాలి. పని చేసుకోవాలంటే అనుమతి తీసుకోవాలి, అది వారానికి 28 గంటలు. ఇక్కడొకటి జాగ్రత్తగా వినండి, ఎందుకంటే ఇన్‌స్టాగ్రామ్‌లో ఇదే అడుగుతున్నారు, గే బార్లో పార్ట్‌టైమ్ దొరుకుతుందా అని. పక్కన కూర్చుని కస్టమర్లను అలరించే రకం వ్యాపారాలున్నాయి చూశారా, వాటిలో స్టూడెంట్ వీసా మీద పని చేయకూడదు. గిన్నెలు తోమడానికి కూడా వీల్లేదు. పట్టుబడితే వీసాకే ఎసరు. బార్‌కి కస్టమర్‌గా వెళ్ళండి. నేను కన్వీనియన్స్ స్టోర్లో నైట్ షిఫ్ట్ చేశా. చికెన్ వేయించడం, పార్సిళ్ళు తీసుకోవడం, అంతే.

ఇక మీరందరూ ఎదురుచూస్తున్న నిచోమె. (ఈలలు) షింజుకు నిచోమె. షింజుకు సాన్‌చోమె స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే వచ్చేస్తుంది. చూస్తే నాలుగు సందులు, మన కోఠీలో ఒక మూలంత ఉంటుందేమో. ఆ నాలుగు సందుల్లో వందల గే బార్లు. ఒకదాని మీద ఒకటి, మూడో అంతస్తులో, బేస్‌మెంట్లో, మెట్ల కింద. ఒకప్పుడు అదంతా వేశ్యావాటిక. 1956లో వ్యభిచార నిరోధక చట్టం చేశారు, 1958 నుంచి దాని కింద శిక్షలు మొదలయ్యాయి. ఆ ఇళ్ళు ఖాళీ అయిపోయాయి, అద్దెలు పడిపోయాయి. అలా చవగ్గా దొరికిన గదుల్లోకి గే బార్లు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. మర్యాదస్తులు వద్దనుకున్న చోటే మనవాళ్ళకి ఇల్లు దొరుకుతుంది, ఏ దేశంలోనైనా.

వీధి మీదికి తెరుచుకుని, ఇంగ్లీషు పాటలు పెట్టే బార్లు కొన్నున్నాయి. విదేశీ కుర్రాళ్ళంతా అక్కడే తేలతారు. మొదటి నెల నేనూ అక్కడే. సరదాగానే ఉంటుంది, కానీ అది బెంగళూరులోనూ దొరుకుతుంది. అసలు నిచోమె మూసిన తలుపుల వెనకాల ఉంది. తలుపు మీద 'సభ్యులకు మాత్రమే' అని ఉంటుంది. నిజంగా సభ్యత్వం ఉందని కాదు, దారిన పోయే తాగుబోతులు రాకుండా. విదేశీయులంటే మొహం మీదే తలుపేసే బార్లూ ఉన్నాయి, దాచేదేం లేదు. కొన్ని లావుగా ఉన్నవాళ్ళ కోసం, కొన్ని ముసలివాళ్ళ కోసం, కొన్ని సూట్లేసుకున్నవాళ్ళ కోసం. నన్ను మా సర్కిల్ సీనియర్ ఒకడు తీసుకెళ్ళాడు. సర్కిల్ అంటే కాలేజీ క్లబ్ అనుకోండి, మాది కొండలెక్కేది.

ఆ బార్ గురించి కాస్త చెప్పాలి. ఎనిమిది స్టూళ్ళు. కూర్చున్నవాడి వెనక నుంచి టాయిలెట్‌కి వెళ్ళాలంటే అందరూ కడుపు లోపలికి లాక్కోవాలి. కౌంటర్ వెనకాల మాస్టర్, అరవై దాటిన మనిషి, గళ్ళ చొక్కా, మెళ్ళో కళ్ళద్దాల తాడు. కూర్చోగానే వేడి తడి తువ్వాలు చేతికిస్తాడు. తర్వాత మనం అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో పెడతాడు, ఉడికించిన దుంపో, ఊరేసిన ముల్లంగో. దాన్ని ఒతోషి అంటారు, బిల్లులో దాని డబ్బులూ ఉంటాయి, మొదటిసారి గుడ్లు తేలేయకండి. వెనక షెల్ఫులో విస్కీ, షోచు సీసాలు, ఒక్కోదాని మెడకి ఒక్కో పేరు వేలాడుతుంటుంది. సీసా కొనుక్కుని అక్కడే ఉంచుకోవచ్చు, వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం. ఆ పేర్లలో ఒక్కటీ అసలు పేరు కాదు. నన్ను కూడా ఏమని పిలవాలని అడిగాడు. నా పేరు చెప్తే నోరు తిరగలేదు. ఇంట్లో ఏమంటారు అన్నాడు. 'చిన్నా' అన్నా. 'చిన్నా-చాన్' అయిపోయా, చాన్ అంటే ముద్దుగా పిలవడం. (నవ్వులు) మా నాయనమ్మ తప్ప ఎవరూ పిలవని పేరుతో నిచోమెలో ఏడాది చెలామణీ అయ్యా.

ఇంకో సంగతి. టోక్యోలో రైళ్ళు అర్ధరాత్రి దాటాక ఆగిపోతాయి. మళ్ళీ మొదటి బండి నాలుగున్నర, ఐదు ప్రాంతంలో. టాక్సీ ఎక్కితే విద్యార్థి నెల బడ్జెట్ గోవిందా. అందుకని పన్నెండున్నర దగ్గర పడుతుంటే బార్ మొత్తం ఫోన్లు చూసుకుంటుంది. లేచేవాళ్ళు లేస్తారు. లేవనివాళ్ళు ఇక తెల్లారేదాకా ఆ ఎనిమిది స్టూళ్ళ మీదే. నా జపనీస్ అంతా ఆ నాలుగు గంటల్లో వచ్చిందే. మాస్టర్ సీసాలు తుడుస్తూ పాత కబుర్లు చెప్పేవాడు. టోక్యోలో మొదటి ప్రైడ్ నడక 1994లో జరిగిందనీ, 1990లో ఫుచు యువజన గృహంలో ఒక గే సంఘం కుర్రాళ్ళని మళ్ళీ బస చేయడానికి వీల్లేదంటే వాళ్ళు కోర్టుకెక్కారనీ ఆయన దగ్గరే విన్నా. అధికారులు చెప్పిన కారణం వింటే నవ్వొస్తుంది. ఆడా మగా ఒకే గదిలో పడుకోకూడదనే రూలు ఉందట, దాన్నే వీళ్ళకీ వర్తింపజేశారు. ఆ లెక్కన వీళ్ళు ఏ గదిలో పడుకోవాలి? 1997లో హైకోర్టు కూడా కుర్రాళ్ళ వైపే తీర్పు ఇచ్చింది. మాస్టర్ ఆ కేసు గురించి చెప్పేటప్పుడు మాత్రం కరావొకే ఆపించేవాడు.

ఒంటి గురించి కూడా చెప్పాలి, సిగ్గుపడితే ఈ ముచ్చట ఎందుకు? ఇక్కడ యాప్‌లలో నన్ను చూసి ఎవరైనా ఆగారా? నల్లగా ఉన్నా, పొట్ట ఉంది, ఛాతీ మీద జుట్టు. అక్కడ నైన్ మాన్‌స్టర్స్ అని ఒక యాప్ ఉంది, జపాన్ వాళ్ళదే. మనిషిని తొమ్మిది రకాల జీవాల్లో ఒకటిగా చూపిస్తుంది, చూసేవాళ్ళ ఓట్లను బట్టి మనం ఏ జీవమో తేలుతుంది. నన్ను ఎలుగుబంటిని చేశారు. ఆ ఎలుగుబంట్లకి అక్కడ మంచి గిరాకీ! (నవ్వులు) బరువు తగ్గకు అని ఒకడు ప్రాధేయపడ్డాడు. మా అమ్మ పోసిన నెయ్యికి టోక్యోలో విలువ కట్టారు. విదేశీయులు వద్దు అని ప్రొఫైల్లోనే రాసుకునేవాళ్ళూ ఉన్నారు. చదివి పక్కకి జరపడమే.

తెలుగువాడినని తెలిశాక ఆ బార్లో నాకు కొత్త హోదా వచ్చింది. ఆర్ఆర్ఆర్ అక్కడ 2022 అక్టోబరులో విడుదలై నెలల తరబడి ఆడింది కదా. మాస్టర్ రెండు చేతులూ ఎత్తి నాటు నాటు స్టెప్ వేసేవాడు, నడుము పట్టేసేది. అంతకన్నా గొప్ప సంగతి తకరజుకా. అందరూ ఆడవాళ్ళే ఉండే నాటక సంస్థ, హ్యోగోలో, వందేళ్ళ పైబడిన చరిత్ర. మగ పాత్రలూ వాళ్ళే వేస్తారు. 2024 జనవరిలో వాళ్ళు ఆర్ఆర్ఆర్‌ని స్టేజీ ఎక్కించారు. రాముడూ భీముడూ ఇద్దరూ ఆడవాళ్ళే! నేను వెళ్ళేసరికి అది అయిపోయింది, మాస్టర్ మాత్రం టికెట్ దొరకబుచ్చుకుని చూశాడు. ఇక్కడ ఆ ఇద్దరి గురించీ చిన్న జోకు వేస్తే అభిమానులు ఊరుకుంటారా? అక్కడ ఆడవాళ్ళు మీసాలు దిద్దుకుని ఆ స్నేహాన్ని ఆడిపాడితే హాలంతా కన్నీళ్ళు. నాకు ఎంత కుళ్ళు పుట్టిందో చెప్పలేను.

సరే. అడగకపోవడంలో రెండు రకాలున్నాయన్నా కదా.

బార్లో నా పక్కన తరచూ కూర్చునే ఒకాయన ఉండేవాడు. నలభై ఐదు ఉంటాయి, పెద్ద కంపెనీ. ఆఫీసులో తనకి ఒసాకాలో గర్ల్‌ఫ్రెండ్ ఉందని చెప్పుకున్నాడు. ఏళ్ళుగా. ఆ అమ్మాయికి పుట్టినరోజు ఉంది, ఇష్టాయిష్టాలున్నాయి, ఒక పిల్లి కూడా ఉంది. వీకెండ్ ఒసాకా వెళ్ళొచ్చినట్టు సోమవారం ఆఫీసులో స్వీట్లు పంచాలి కదా, అది అక్కడ ఆచారం. టోక్యోలోనే ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్లో ఒసాకా స్వీట్లు దొరుకుతాయి, అవి కొనుక్కుని, రేపర్ మీద షాపు స్టిక్కర్‌ని గోటితో జాగ్రత్తగా గీకి తీసేవాడు, కౌంటర్ మీద పెట్టుకుని. మేం విస్కీ తాగుతూ చూసేవాళ్ళం. "చిన్నా-చాన్, నీకేం, నువ్వు వెళ్ళిపోతావు" అనేవాడు నవ్వుతూ.

ఆ మాట అతనొక్కడే అన్నది కాదు. నన్ను నిచోమెకి తీసుకెళ్ళిన సీనియర్ మూడో ఏడు రాగానే జుట్టుకి నల్ల రంగు వేసుకుని, నల్ల సూటు కొనుక్కుని ఉద్యోగాల వేటలో పడ్డాడు. బార్‌కి రావడం మానేశాడు. ఎందుకంటే సర్కిల్‌కి సంబంధించిన లైన్ గ్రూపులో, అక్కడి వాట్సాప్ అనుకోండి, ఎవరో ఏదో అంటారని భయం. ఊరికే వచ్చిన భయం కాదది. 2015లో టోక్యోలో ఒక లా స్కూల్ విద్యార్థి తన క్లాస్‌మేట్‌కి ప్రేమ సంగతి చెప్పుకున్నాడు. ఆ క్లాస్‌మేట్ దాన్ని లైన్ గ్రూపులో అందరి ముందూ పెట్టాడు. తర్వాత ఆ కుర్రాడు యూనివర్సిటీ భవనం మీంచి పడి చనిపోయాడు. తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. 2020లో టోక్యో హైకోర్టు వాళ్ళ అప్పీలు కొట్టేసింది కానీ, ఒకరి సంగతి వాళ్ళ ఇష్టం లేకుండా బయటపెట్టడం చట్టవిరుద్ధమని స్పష్టంగా అంది. ఆ యూనివర్సిటీ ఉన్న కునిటాచి నగరం అలా బయటపెట్టకూడదని 2018లో ఏకంగా రూలే తెచ్చింది.

అంటే నన్ను ఎవరూ అడగకపోవడం ఒక రకం. నేను ఎలాగూ బయటివాణ్ణి, నా వింతలన్నీ నా దేశం ఖాతాలో పడిపోతాయి. ఊదా జుట్టు? విదేశీయుడు. పెళ్ళి కాలేదు? విదేశీయుడు. వాళ్ళని అడగకపోవడం ఇంకో రకం. నువ్వు చెప్పకు, మేం అడగం, కానీ పొరపాటున కూడా బయటపడకు. నాకు అక్కడ దొరికింది చుట్టపుచూపు సుఖం. అల్లుడొచ్చిన రోజు ఇంట్లో వండే వంటలు చూసి, ఆ ఇంట్లో రోజూ అలాగే తింటారనుకోకూడదు. మనవాళ్ళు టోక్యో వెళ్ళొచ్చి జపాన్ స్వర్గం అని రీల్స్ పెడుతుంటారు, అందుకని చెప్తున్నా.

చట్టం సంగతి చూడండి, తమాషాగా ఉంటుంది. మనకి బ్రిటిష్ వాళ్ళు 1860లో పెట్టిన సెక్షన్ 377, అదే మన సంబంధాల్ని నేరం చేసిన చట్టం, పోవడానికి 2018 సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. జపాన్ 1872లో మగవాళ్ళ మధ్య సంబంధాన్ని నేరం చేసి, 1882కల్లా కొత్త శిక్షాస్మృతితో ఎత్తేసింది. అంత ముందు వదిలించుకున్న దేశంలో ఇప్పటికీ మనలాంటి జంటలకి పెళ్ళి లేదు. 2015 నవంబరులో షిబుయా, సెతగయా వార్డులు జంటలకి సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టాయి, 2022లో టోక్యో మొత్తానికి వచ్చింది. దాంతో ప్రభుత్వ ఇళ్ళకి దరఖాస్తు లాంటివి కుదురుతాయి, వారసత్వంగా ఆస్తి మాత్రం రాదు. 2021లో సప్పోరో జిల్లా కోర్టు మొదలుపెడితే, 2024, 2025ల్లో వరసగా ఐదు హైకోర్టు తీర్పులు పెళ్ళి లేకపోవడం రాజ్యాంగ విరుద్ధమన్నాయి. 2025 నవంబరులో టోక్యో హైకోర్టులోనే ఇంకో తీర్పు విరుద్ధం కాదంది. మనకి 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు, అది పార్లమెంటు చూసుకోవాలి అంది. ఆ కేసులో ముందు నిలబడ్డ సుప్రియో, అభయ్ జంట ఈ హైదరాబాద్ వాళ్ళే. వాళ్ళ కోసం ఒకసారి చప్పట్లు కొట్టొచ్చు. (చప్పట్లు)

నా చుట్టపుచూపు సుఖం టోక్యోలోనే ఒక చోట ఆగిపోయేది. నిషి-కసాయ్. (నవ్వులు) చూశారా, వెళ్ళినవాళ్ళకి వెంటనే అర్థమైంది. తోజాయ్ లైన్లో వెళ్తే ఎడొగావా వార్డు, మన ఐటీ వాళ్ళంతా అక్కడే. ఉగాదికి భోజనాలున్నాయంటే పులిహోర మీద ఆశతో వెళ్ళా, జుట్టు మీద టోపీ పెట్టుకుని. పచ్చడిలో వేపపువ్వు బదులు ఏదో ఆకు వేశారు, అయినా బాగుంది. ఒక పిన్ని గారు ముద్దపప్పు వడ్డిస్తూ, "ఏ ఊరు బాబూ" అన్నారు. తెనాలి అన్నా. "తెనాలిలో ఎవరు?" అయిపోయింది. మూడో ప్రశ్నకి మా మేనత్త తోడికోడలు బయటపడింది. ఐదో ప్రశ్నకి వాళ్ళ ఆడపడుచు కూతురు, ఎంఎస్ చదువుతోందట. మీరు నవ్వుతున్నారు గానీ, ఆవిడ నాకు నెయ్యి రెండుసార్లు వేశారు, డబ్బాలో బొబ్బట్లు కట్టిచ్చారు, జ్వరమొస్తే ఫోన్ చెయ్యమని నంబరిచ్చారు. ఏడాదిలో ఏం తింటున్నావని అడిగిన మొదటి మనిషి ఆవిడే. పక్క గది కుర్రాడు నేను చచ్చిపోయినా ప్లాస్టిక్ రోజు దాకా కనుక్కోడు. నాకు ఈ రెండూ ఒకే చోట కావాలి. అదేం అత్యాశ?

వెళ్ళేవాళ్ళకి పనికొచ్చేవి ఒకటి రెండు. హెచ్ఐవీ పరీక్ష వార్డుల్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, హొకెన్‌జో అంటారు, ఉచితం. పేరు చెప్పక్కర్లేదు, నంబరు ఇస్తారు. నిచోమెలోనే అక్త అని ఒక సెంటర్ ఉంది, 2003 నుంచి నడుస్తోంది, కండోములు, సమాచారం, కాసేపు కూర్చోవడానికి చోటు. బార్ అంటే భయమున్నవాళ్ళు ముందు అక్కడికి వెళ్ళండి. వసేదా యూనివర్సిటీలో 2017 నుంచి జెండర్, సెక్సువాలిటీ మీద విద్యార్థుల సెంటరే ఉంది. మీరు వెళ్ళే యూనివర్సిటీలో అలాంటిది ఉందో లేదో అప్లై చేసేటప్పుడే చూసుకోండి. ప్రైడ్ యొయొగి పార్కులో జరుగుతుంది. అంతకుముందు ఏప్రిల్లో చేసేవాళ్ళు, 2025లో జూన్‌కి మార్చారు. అది వానల కాలం, గొడుగు తీసుకెళ్ళండి. మా మాస్టర్ మాత్రం రాలేదు. "అంత వెలుతురులో నేను బాగుండను" అన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం జపనీస్ నేర్చుకోండి. తప్పులతోనైనా మాట్లాడండి. ఇంగ్లీషుతో వెళ్తే వీధి మీది బార్ దాకానే వెళ్తారు.

ప్రశ్నలా? అడుగు తమ్ముడూ.

(ప్రేక్షకుల్లోంచి: అన్నా, అంత బాగుంటే అక్కడే ఉండిపోవచ్చు కదా?)

మంచి ప్రశ్న. ఉండాలనే ఉంది. అక్కడ ఒకతను ఉన్నాడు కూడా. (ఈలలు) ఆగండి, ఆగండి. అతనూ నేనూ భార్యాభర్తలయ్యే దారి అక్కడ లేదు, ఇక్కడా లేదు. వేరే దేశాల్లో చట్టబద్ధంగా పెళ్ళి చేసుకున్న విదేశీ జంటలకి 2013 నుంచి ఏదో ప్రత్యేక వీసా ఇస్తున్నారు గానీ, జపాన్ మనిషితో జతకట్టినవాడికి స్పౌస్ వీసా లేదు. నేను ఉండాలంటే చదువు పేరు మీదో, ఉద్యోగం పేరు మీదో ఉండాలి. మనిషి పేరు మీద ఉండే కాగితం లేదు. అందుకని మాస్టర్స్‌కి అప్లై చేశా. జపనీస్ భాషకి ఎన్2 అనే స్థాయి పరీక్ష డిసెంబరులో ఉంది, కంజీలు, అదే వాళ్ళ బొమ్మల్లాంటి అక్షరాలు, తలకెక్కడం లేదు. ఎవరైనా చదువుకునే గ్రూప్ పెడదామంటే నేను రెడీ.

టైమ్ అయిపోయిందని చెయ్యి ఊపుతున్నారు. వీసా కాగితాల గురించి అడగాల్సినవాళ్ళు బయట టీ దగ్గరికి రండి. నిచోమె గురించి అడగాల్సినవాళ్ళు కూడా వీసా గురించనే చెప్పి రండి, ఏం ఫర్లేదు.